శిష్యుడి దగ్గర చదివిన ఎం.ఏ.

టెక్కలిలో ఎకనామిక్స్ లెక్చరరుగా రిటైరయ్యేను. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, టీ తాగి, "అనుభవాలు చెప్పండి సార్" అంటారు. సీనియారిటీ గురించీ ట్రాన్స్‌ఫర్ల గురించీ అయితే ఆఫీసు గుమస్తాగారిని అడగండి నాయినా, ఆయనకి నాకంటె బాగా తెలుసు. ఈ ఉద్యోగమంటే ఏమిటో నేను ఒక్కటే చెప్తాను. ఎదురుగా ఉన్నవాడు తప్పు చెప్పినప్పుడు "తప్పు" అని మొహమ్మీదే అనగలగాలి. అది చేతకాకపోతే మిగతాదంతా సుద్దముక్కలు అరగదీసే పనే.

ఇది నేను పాఠాలు చెప్తూ నేర్చుకున్నది కాదు. నలభై దగ్గర పడుతున్న వయసులో మళ్ళీ బెంచీ ఎక్కి, పాఠం చెప్పించుకుంటూ నేర్చుకున్నది. ఆ కథే రాస్తున్నాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పట్లో పలాస పలాసంతా నవ్వింది.

పకోడీ పొట్లం

అరవైల చివర మాట. నేను పలాస హైస్కూల్లో సోషల్ మేస్టారిని. బి.ఏ. ప్రైవేటుగా కట్టి గట్టెక్కేను. పంచవర్ష ప్రణాళికలు, రుతుపవనాలు, అక్బరు చక్రవర్తి, అన్నీ ఒకటే గొంతుతో చెప్పేవాణ్ణి. పిల్లలు నిద్రపోయేవారు. నేనూ వాళ్ళ నిద్ర చెడగొట్టేవాణ్ణి కాదు. హాయిగానే ఉండేది.

ఓ సాయంత్రం స్టేషను బయట బండి దగ్గర పకోడీలు కొనుక్కున్నాను. పొట్లం కట్టిన కాగితం ఏదో ఇంగ్లీషు పుస్తకంలోది. నూనె మరకల మధ్య చదివేను. ధర పెరిగితే జనం కొనడం తగ్గిస్తారు, ఇది అందరికీ తెలిసిందే, కాని కొన్ని సరుకులు మాత్రం ధర పెరిగినకొద్దీ ఇంకా ఎక్కువ కొంటారు, దానికి కారణం ఏమిటంటే... అక్కడికి కాగితం అయిపోయింది.

ఇదేం అన్యాయం! పకోడీ నోట్లో ఉండగానే బండి దగ్గరికి పరిగెత్తేను.

"దీని తరవాతి పేజీ ఏదోయ్?"

"ఏ పేజీ బాబూ?" అన్నాడు బండివాడు.

"ఈ కాగితం తరవాతది! కారణం అందులో ఉంది!"

"ఓ, అదేటి? ఇందాక గూడ్సు గార్డుగారికి కట్టిచ్చీసేను బాబూ. ఆయన బండెక్కి ఎల్లిపోనారు."

కారణం బరంపురం వైపు వెళ్ళిపోయింది. మర్నాటి నించి రోజూ పకోడీలు కొన్నాను, ఆ పుస్తకంలో ఇంకో కాగితమైనా దొరుకుతుందేమోనని. ఓసారి కెమిస్ట్రీ దొరికింది. ఓసారి ఎవరిదో శుభలేఖ. చివరికి కడుపు పాడై మంచమెక్కేను. మా ఆవిడ దమయంతి ఉద్దానం పిల్ల, కొబ్బరితోటల్లో పెరిగిన మనిషి, మాట దాచుకోదు. వాము కషాయం గ్లాసు నా చేతిలో పెట్టి నిలదీసింది.

"ఏటండీ ఇది? ఆ పకోడీల్లో అంత ఏటుంది?"

"అర్థశాస్త్రం ఉందే."

"అయితే ఆ సదువేదో కాలేజీకెల్లి సదవండి. కడుపైనా సల్లగుంటాది."

ఇదిగో, నేను ఎం.ఏ. ఎకనామిక్స్‌కి వెళ్ళాలని నిర్ణయించుకున్న మహత్తరమైన సన్నివేశం ఇంతే. తరవాత ఇంటర్వ్యూలో అడిగితే దేశాభివృద్ధి కోసమని చెప్పేను. మీరూ అలాగే చెప్పండి.

ఒక్కటే అవకాశం

మా హెడ్మాస్టరుగారు మంచాయనే. కాకపోతే ఎదటివాడు బాగుపడతాడంటే నమ్మకం తక్కువ. నా సెలవు కాగితం చూసి కళ్ళజోడు తీసేసేరు.

"ఏటి మేస్టారూ, అల్లుడు రావలసిన వయసులో మీరు కాలేజీకెళ్తారా?"

"చదువుకోవాలని ఉందండీ."

"సరే, రెండేళ్ళు సెలవు రాయిస్తాను. ఒక్కసారే. తప్పి తిరిగొచ్చేరంటే మళ్ళీ సెలవు లేదు, పైగా డ్రిల్లు క్లాసు కూడా మీకే ఇస్తాను" అన్నారు. నా పొట్ట వైపు చూస్తూ ఆ చివరి మాట అన్నారు.

సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది. మంగలి దగ్గరికి వెళ్తే, "కాలేజీ కుర్రోల్ల కటింగ్ సెయ్యమంటారా మేస్టారూ?" అన్నాడు. అందరూ నవ్వేరు, నేనూ నవ్వేను. కాని నిజం చెప్తున్నాను, సీటు వచ్చిందని తెలిసిన రోజు పెరట్లోకి పోయి ఏడ్చేను. చదువుకోవాలని చిన్నప్పటి నించీ ఉండి, ఇంటి బరువుతో బడిపంతులు ఉద్యోగంలో పడ్డవాణ్ణి. ఇప్పుడు ఒక్కసారి తలుపు తెరుచుకుంది. తప్పేనంటే ఇంక జన్మలో తెరుచుకోదు. డ్రిల్లు మాట అటుంచండి, ఆ చదువు నాకు కావాలి, అంతే.

హాజరుపట్టీలో లేని మనిషి

ఎం.ఏ. చెప్పే కాలేజీ రైల్లో వెళ్ళే దూరంలో ఉండేది. ఊరూ పేరూ చెప్పను. ఎందుకు చెప్పనో చదివితే మీకే తెలుస్తుంది.

మొదటిరోజు క్లాసులో అడుగుపెట్టగానే కుర్రాళ్ళందరూ లేచి నిలబడ్డారు. "కూర్చోండి, కూర్చోండి" అని నేను వెళ్ళి ముందు బెంచీలో కూర్చున్నాను. పక్క కుర్రాడు వినయంగా, "సార్, మీ కుర్చీ అక్కడండీ" అని చూపించేడు. సంగతి చెప్పేసరికి క్లాసంతా పక్కున నవ్వింది. సాయంత్రానికి నేను అందరికీ మావయ్యగారిని అయిపోయేను.

ఇంతలో లెక్చరరు వచ్చేడు. టై కట్టుకుని, దర్జాగా. ఎవరు? మా కూర్మారావు! పూండి అవతల, సముద్రం వైపు పల్లెటూరి కుర్రాడు. రోజూ రైల్లో పలాస వచ్చి నా దగ్గర చదువుకున్నవాడు. నన్ను చూసేడు. చేతిలో సుద్దముక్క కింద పడింది. అప్పటిదాకా దొరల ఇంగ్లీషులో ఉన్న నోరు ఒక్కసారి ఉద్దానం వెళ్ళిపోయింది.

"మేస్టారూ! తమరేటండీ ఇక్కడ?"

"చదువుకోడానికొచ్చేన్రా."

అందరూ చూస్తుండగా వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టేడు. నాకు గుండె నిండిపోయింది. మన శిష్యుడే మనకి లెక్చరరు, ఇంక భయమేటి అనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

మా వైపు ఆచారం మీకు తెలిసే ఉంటుంది. గురువు ఎదట కూర్చోరు. గురువు పేరు పైకి అనరు. గురువు చెప్పింది తప్పనరు. వాడు ఈ మూడూ తూచా తప్పకుండా పాటించేడు. గంటల తరబడి నిలబడే పాఠం చెప్పేవాడు. హాజరు పిలిచేటప్పుడు నా పేరు దగ్గరికొచ్చేసరికి గొంతు సవరించుకుని కింది పేరుకి పోయేవాడు. నేను ముందు బెంచీలో కొండలా కూర్చునుండగానే, పట్టీలో ఒక్కరోజు కూడా రానివాణ్ణయ్యేను. చివరికి ఆఫీసు నించి నోటీసొచ్చింది. పరిగెత్తుకుని వెళ్తే గుమస్తాగారు నన్ను ఎగాదిగా చూసి, "మీరొస్తే లాభం లేదండీ, ఆ కుర్రాణ్ణి పంపండి" అన్నారు.

అది ఎలాగో సర్దుబాటయింది. అప్పటి నించి వాడు పట్టీలోకి చూస్తూ, నెమ్మదిగా, "మేస్టారు?" అనేవాడు. నేను "వచ్చేన్రా" అనేవాణ్ణి. క్లాసు క్లాసంతా దగ్గేది.

అసలు ప్రమాదం పాఠంలో వచ్చింది. ధర, గిరాకీ గీత గియ్యడానికి నన్ను బోర్డు దగ్గరికి పిలిచేడు. పకోడీ కాగితం ప్రభావం నా మీద బాగా ఉంది కదా, గీతని కింద నించి పైకి, విమానం లేచినట్టు గీసేను. ధర పెరిగినకొద్దీ జనం ఎగబడతారని వివరించేను కూడా. కూర్మారావు మొహంలో రంగులు మారేయి. నోరు తెరిచేడు, మూసేడు. చివరికి, "మేస్టారు చూపించిన కోణం చాలా గంభీరమైనది" అన్నాడు.

కుర్రాళ్ళు అది రాసేసుకున్నారు. పరీక్షలో సగం క్లాసు గీతని తలకిందులు గీసింది. పెద్ద ప్రొఫెసరుగారు కూర్మారావుని పిలిచి, ఎవడయ్యా వీళ్ళకి ఇది నేర్పింది అని అరిస్తే, వాడు తల వంచుకుని "నేనేనండి" అన్నాట్ట. నా పేపరు తిరిగొచ్చింది. మిగతా లెక్చరర్లు దిద్దిన నా పేపర్ల నిండా కొట్టివేతలే. వీడు దిద్దిన దాంట్లో ఒక్క ఇంటూ మార్కు లేదు. తప్పున్న ప్రతిచోటా మార్జిన్లో, "మేస్టారు దయచేసి మరొక్కసారి ఆలోచించగలరు" అని ఉంది. పేపరంతా ఆలోచించగలరులే.

కుర్ర లెక్చరర్లూ, వినండి. నా వృత్తి జీవితంలో నన్ను తిట్టినవాళ్ళెవరూ నాకు అంత చెడుపు చెయ్యలేదు. ఆ మర్యాద నన్ను నిలువునా ముంచేస్తోంది. నేను తప్పబోతున్నానని నాకు తెలిసిపోయింది.

సీటుండగా నిలబడ్డవాళ్ళు

సెలవులకి పలాస బయల్దేరేను. కూర్మారావూ అదే పాసింజరు ఎక్కేడు. పెట్టె సగం ఖాళీ. నేను కూర్చున్నాను, వాడు నిలబడ్డాడు.

"కూర్చోరా."

"పర్లేదండి."

"లెక్చరరువి, నలుగురూ చూస్తే బాగోదు. కూర్చో."

"తమరి ఎదటా? నా వల్ల కాదండి."

వాడు నిలబడుంటే నాకు మాత్రం కూర్చోబుద్ధేస్తుందా? వాడు నా గురువు కదా ఇప్పుడు! నేనూ లేచేను. హరిశ్చంద్రపురం దాటింది, ఇద్దరం కడ్డీలు పట్టుకుని ఊగుతున్నాం, సీట్లు ఖాళీగా ఉన్నాయి. నౌపడలో గంపతో ఎక్కిన ముసలమ్మ మా ఇద్దర్నీ చూసింది, సీటుని చూసింది, చేత్తో తట్టి చూసింది.

"ఏటి బాబూ, నల్లులున్నాయేటి?"

"లేవమ్మా" అన్నాను.

"మరి మీకేటొచ్చింది?" అని తను నిక్షేపంగా కాళ్ళు చాపుకుని పడుకుంది.

ఇలా కాదని, పూండిలో వాణ్ణి దిగనివ్వకుండా పలాస మా ఇంటికి లాక్కుపోయేను.

దమయంతి తీర్పు

ఇంట్లోనూ అదే తంతు. నాకు కుర్చీ, లెక్చరరుగారికి నేల మీద చాప. సంగతంతా విని దమయంతి నెత్తి కొట్టుకుంది. తరవాత వంటింటి గుమ్మంలో కూర్చుని, కొబ్బరి కోరుతూ కూర్మారావుని ఆరా తియ్యడం మొదలెట్టింది.

"మీ అమ్మ పుట్టిల్లు ఏ ఊరు నాయినా?"

"నిమ్మాడండి."

కొబ్బరి కోరే చెయ్యి ఆగిపోయింది. "మా అమ్మదీ నిమ్మాడే! ఒకూరి ఆడపడుచులంటే అక్కసెల్లెల్ల వరస. అయితే నువ్వు నాకేటవుతావు?"

వాడు లెక్కవేసేడు. "తమ్ముణ్ణవుతానండి."

"అప్పా అనరా!" అంది. మా వైపు అక్కని అప్పా అంటారు. "నువ్వు నాకు తమ్ముడివైతే, ఈయన నీకేటవుతారు?"

కూర్మారావు నా వైపు భయంగా చూసేడు. "బావ... గారండి."

"మరింకేటి? బావని ఆటపట్టించని బామ్మర్దిని ఉద్దానంలో ఎక్కడైనా సూసేవేటి? మా అన్నదమ్ములు పెల్లిలో ఈయన పాయసంలో ఉప్పు కలిపీసేరు. కిక్కురుమన్లేదు. మేస్టారిని ఏటీ అనకు. బావని తిట్టు. ఇప్పుడే, నా ఎదట."

వాడికి చెమటలు పట్టేయి. గురువు, బావ, ఏ వరస పట్టుకోవాలో తెలీక అల్లాడేడు. నేనే ధైర్యం చెప్పేను, "కానీరా, నీకేం పాపం రాదు."

"బావగారూ... తమరు కొంచెం... తెలివి తక్కువగా..."

"గట్టిగా!" అంది దమయంతి.

"బావా, ఆ గీత తప్పండి."

"అండి తియ్!"

"తప్పు బావా! గీత తప్పు! అలా ఎవడైనా గీత్తాడేటి? నీ తలకాయలో కొబ్బరిపీసు! నీ మూలంగా నాకు ఎన్ని సీవాట్లో తెల్సా? ఆ పకోడీ కాగితం తగలెయ్యి బావా, అది ఎక్కడో ఒక్క సరుక్కి, అదీ తిండికి గతిలేని కరువులో! నువ్వు దాన్ని పట్టుకుని పెపంచకం మొత్తం తలకిందులు సేసీసేవు!"

గేటు తెరిచిన కాలవే. పలాస బడి నించి కాలేజీ దాకా వాడు లోపల మింగుకున్న నా తప్పులన్నీ బయటికొచ్చేయి. నేను కుర్చీ దిగి చాప మీద కూర్చున్నాను. ఎంత సుఖంగా ఉందో చెప్పలేను! రెండేళ్ళ చదువులో మొదటిసారి ఒక ముక్క బుర్రకెక్కింది. దమయంతి మా ఇద్దరికీ కొబ్బరి లౌజు పెట్టింది.

అప్పటి నించి ఒప్పందం ఇది. క్లాసులో మేస్టారు, బయట బావ. సాయంత్రాలు వాడి గదిలో తిట్లు తింటూ చదివేను. వాడు కూర్చునే తిట్టేవాడు. రాత పరీక్షలు గట్టెక్కేయి. ఇంక మౌఖిక పరీక్ష, అదే వైవా, ఒక్కటే మిగిలింది. అందులో పోతే మొత్తం పోయినట్టే.

వైవా

బయటినించి వచ్చిన ఎగ్జామినరు గోదావరి జిల్లా పెద్దాయన. దళసరి కళ్ళద్దాలు, నవ్వు మచ్చుకి కూడా లేదు. ఆయన పక్కన కుర్చీలో కూర్మారావు. ఇంగ్లీషులో నడుస్తోంది. పెద్దాయన మామూలు ప్రశ్నే అడిగేరు. ఒక ఏడాది అందరికీ పంట రెట్టింపు పండితే రైతులందరూ లాభపడతారా?

నాకు కంగారులో మతిపోయింది. "తప్పకుండా లాభపడతారండి, అమ్ముకోడానికి రెట్టింపు ఉంటుంది కదా" అన్నాను.

"ఓరి బావా! నీ మొకం మండా! నిన్నల్లా నీకు ఏటి సెప్పేను?"

కూర్మారావు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. పెద్దాయన నెమ్మదిగా మా ఇద్దర్నీ చూసేరు.

"మీరు బంధువులా?"

చుట్టం చుట్టానికి పరీక్ష చెయ్యకూడదు. నా చదువు పోయింది సరే, వాడి ఉద్యోగం కూడా పోతుందేమో.

"కాదండి. వారు నాకు గురువుగారండి" అన్నాడు కూర్మారావు, లేచి నిలబడి.

"వీరే నాకు గురువుగారండి" అన్నాను నేను.

"మరి బావెవరు?"

"గురువుగార్ని తప్పనలేకండి... మధ్యలో బావ వరస పెట్టుకున్నామండి. అప్ప పెట్టించిందండి" అన్నాడు వాడు. లెక్చరరు, టై కట్టుకున్నవాడు, ఏడుపు గొంతుతో.

పెద్దాయన చేతిలో కలం టేబులు మీద పెట్టేరు. తరవాత, "మీరు బయటికి వెళ్ళండి" అన్నారు వాడితో. తలుపు మూసుకున్నాక నాతో తెలుగులోకి దిగేరు. "ఇప్పుడు మీ బామ్మర్ది లేడు. అదే ప్రశ్న. చెప్పండి."

కళ్ళు మూసుకున్నాను. వాడి తిట్లే చెవుల్లో మోగుతున్నాయి. నోరు దానంతటదే తెరుచుకుంది. మా మావగారి ఊళ్ళో కొబ్బరి విరగకాసిన ఏడు చెప్పేను. అందరి చెట్లూ కాసేయి, కొనేవాడు తోట గుమ్మం తొక్కలేదు, జనం పచ్చట్లో కొబ్బరి వేస్తారు గాని అన్నానికి బదులు తినరు కదా, అంచేత ధర పడిపోయిందే గాని అమ్మకం పెద్దగా పెరగలేదు, పంట ఎక్కువైనందుకే రైతు నష్టపోయేడు అని చెప్పేను. ఆయన అడ్డుప్రశ్నలు వేసేరు. నేనూ ఒదల్లేదు. ఒకచోట ఆయనే తప్పు లెక్క చెప్తే, "అది తప్పండి" అనేసేను. అనేసి నాలిక్కరుచుకున్నాను.

పెద్దాయన తల ఊపేరు. "అవును, తప్పే. వెళ్ళండి, పాసయ్యేరు."

వరండాలోకి వచ్చేను. కూర్మారావు స్తంభానికి ఆనుకుని నిలబడున్నాడు, మొహం వాడిపోయి.

"ఏటయింది బావా?"

"పాసురా" అన్నాను. అనగానే నాకు దుఃఖం తన్నుకొచ్చింది. ఈ కుర్రాడు లేకపోతే నాకీ చదువు లేదు. వీడు నా గురువు. కాళ్ళకి దణ్ణం పెడదామని గబుక్కున వంగేను.

సరిగ్గా ఆ క్షణంలోనే వాడూ నా కాళ్ళకి వంగేడు.

టంగుమని తలకాయలు ఢీకొన్నాయి. నాకు చుక్కలు కనపడ్డాయి. వాడు నుదురు పట్టుకుని కూలబడ్డాడు, నేను స్తంభం పట్టుకున్నాను. అప్పుడు వాడు కంగారుగా చూసి, "మేస్టారూ, ఒక్కసారే తగిలింది! ఇంకోసారి కొట్టుకోకపోతే కొమ్ములొస్తాయండి!" అన్నాడు.

"నిజమేరా" అన్నాను.

ఎగ్జామినరుగారు గొడుగు పట్టుకుని అప్పుడే బయటికొచ్చేరు. చూసేరు. తలుపు దగ్గరే పక్కకి జరిగి, మా పని అయ్యేదాకా ఆగుదామన్నట్టు నిలబడ్డారు. ఒక ఎకనామిక్స్ లెక్చరరూ, అప్పుడే ఎకనామిక్స్ ఎం.ఏ. అయిన నలభయ్యేళ్ళ మనిషీ ఒకరి భుజాలొకరు పట్టుకున్నాం.

"మెల్లిగా మేస్టారూ" అన్నాడు వాడు. నేను మెల్లిగానే కొట్టేను, నవ్వుతూ, ఏడుస్తూ, కాసేపు వాడి నుదుటికి నుదురు ఆనించి అలాగే ఉండిపోయేను.